భోగి మంటకు ఆ చెక్క వద్దు

చి. ల. సౌ. అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

కొట్టుగది ఖాళీ చేస్తూ నువ్వు రాసి పంపిన జాబితా అందింది. పందిరి మంచం, భోషాణం, పడక కుర్చీ, పేము అల్లిక తెగిన కుర్చీలు రెండు, నీలం ఎనామిల్ పూసిన బీరువా. వీటిలో పనికొచ్చేవేవో చెబితే మిగతావి సంక్రాంతికి పిల్లలు భోగి మంటలో వేసుకుంటారన్నావు. అందులోంచి ఒక్క చెక్కముక్క కూడా మంటలోకి వెళ్లకూడదని నా మాట. బీరువా అయితే అసలే వద్దు. అదెందుకో తరవాత రాస్తాను.

ముందు ఆ చెక్క సంగతి విను. పైనున్న ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రి దాకా దించిన రోజుల సామాను అది. బర్మా టేకు సముద్రం మీద వచ్చేది. అడవిలో నిదానంగా పెరిగిన చెట్టుకి చేవ ఎక్కువ. చెదల్ని ఆపే సహజమైన నూనె ఉండేది ఆ చేవలోనే. ఇప్పుడు తోటల్లో పెంచి ఇరవై, పాతికేళ్లకే కొట్టేస్తున్న టేకులో బయటి తెల్ల చెక్క పాలు ఎక్కువ. పుచ్చు ముందు పట్టేది దానికే. కాబట్టి అల్లుడు గారు చూసొచ్చిన కొత్త మంచం ఖరీదు ఎంతైనా కానీ, అందులో మన మంచం కోళ్లలో ఉన్న చెక్క దొరకదు. ఈ మాట ఆయనతో నా మాటగా చెప్పు.

అలాగని ఈ వారమే వడ్రంగిని పిలిచి పాలిష్ మొదలుపెట్టించకు. పాత సామాను బాగుచేయడంలో పనితనం ఎంత ముఖ్యమో నెల అంత ముఖ్యం. ఇది తుపాన్ల కాలం. మన కోస్తాకి డిసెంబరు దాకా ఈశాన్య గాలులు తడి మోసుకొస్తూనే ఉంటాయి. లక్క పాలిష్‌లో స్పిరిటు ఉంటుంది. అది ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలో తడి అక్కడే చేరి పాలిష్ మీద తెల్లటి మసక పడుతుంది. అందుకే ఈ పని మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకోమంటాను. మంచు విడిచాక, ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా మంచి వేళ. ఉగాదికి ఇల్లు సిద్ధమవుతుంది. వైశాఖంలోకి జరిపితే ఎండకి స్పిరిటు మరీ తొందరగా ఆరిపోయి, గుడ్డ చెక్క మీద జారకుండా పట్టేస్తుంది.

మరి ఇప్పుడేం చేయాలి? కడుగు. నిజంగా అంతే. పాత సామాను నల్లగా కనపడేది చాలామటుకు మురికి వల్ల. దీపం మసి, చేతుల జిడ్డు, ఎప్పుడో పూసిన నూనె మీద అతుక్కున్న దుమ్ము. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడువు. నీళ్లు పోయొద్దు. వెంటనే పొడిగుడ్డతో ఒత్తు. ఆరాక టర్పెంటైన్ అద్దిన గుడ్డతో ఇంకోసారి. ఇదయ్యాక సగం సామానుకి ఇంకేమీ అక్కర్లేదని నీకే తెలుస్తుంది. గరుకు కాగితం పట్టుకుని మొదలుపెట్టే వాళ్లంటే నాకు భయం. ఏళ్ల తరబడి వెలుగు తగిలి చెక్కకి వచ్చిన రంగు పైపైనే ఉంటుంది. దాన్ని ఒక పూటలో గీకి పారేస్తే మళ్లీ రావడానికి అన్నేళ్లూ పడుతుంది.

కడిగేటప్పుడే పురుగు చూసుకో. మంచం కింద నేల మీద సన్నటి తెల్ల పొడి, చెక్కలో గుండుసూది దూరేంత బెజ్జాలు కనిపిస్తే అది పుచ్చు. మట్టి బాటలు కనిపిస్తే చెదలు. పుచ్చుకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడి నీళ్లలో కరిగించి కుంచెతో పట్టించాలి. పాలిష్ ఉన్నచోట అది లోపలికి దిగదు కాబట్టి సామాను అడుగున, వెనకవైపు, పచ్చి చెక్క ఉన్నచోటల్లా పట్టించు. భోషాణం వెనక పలకలు టేకు కాకపోవచ్చు, ముఖం టేకు పెట్టి వెనక మామిడి వేసేవాళ్లు. అక్కడ జాగ్రత్తగా వెతుకు. చెదలైతే సామానుతో తీరదు, అవి వచ్చేది నేలలోంచి. మందు కొట్టేవాళ్లని పిలిపించి గోడ మొదళ్లు చూపించాల్సిందే.

కీళ్లు వదులైన చోట మేకు కొట్టనివ్వకు. పాత పనిలో చెక్క కొనని బెజ్జంలోకి దించి వెదురు చీల కొట్టేవాళ్లు. ఇనప మేకు దిగితే ఆ కొన చీలుతుంది, తరవాత వచ్చే వడ్రంగికి చేయడానికి ఏమీ మిగలదు. కీలు విప్పి, ఎండిన పాత బంకని వేడినీళ్ల గుడ్డతో మెత్తబరిచి పూర్తిగా గీకేసి, కొత్త బంక రాసి, ఒక రోజంతా తాడుతో బిగించి వదిలేయాలి. పాత బంక మీద కొత్త బంక పట్టదు. టేకులో నూనె ఉంటుంది కనుక రాసేముందు స్పిరిటు గుడ్డతో ఒకసారి తుడవాలి కూడా.

ఇక ఆ నీలం బీరువా. ఆ రంగు ఎప్పటిదో నాకు గుర్తుంది, బాగా పాతది. అప్పటి ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందు పూసిన ఏ పాత రంగులోనైనా సీసం ఉన్నదనే అనుకోవాలి. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో నిలుస్తుంది, మంటలో వేస్తే పొగలో వస్తుంది. చిన్నపిల్లల మెదడుకి సీసం చేసే హాని మందులతో వెనక్కి తీసుకోలేనిది. భోగి మంట చుట్టూ నిలబడేది మన పిల్లలే కదమ్మా. రంగు గట్టిగా అంటుకుని ఉంటే కదపకు, పైన కొత్త రంగు వేయించు, చాలు. పెచ్చులు లేస్తుంటే పిల్లల్ని నాలుగు రోజులు మీ అమ్మ దగ్గరికి పంపి, పెరట్లో కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రంగు వదిలించే మందు రాసి, తడి గరుకు కాగితంతోనే రుద్దించు. చేసేవాళ్లకి చేతి తొడుగులు, ముక్కుకి మంచి మాస్కు. రాలినదంతా మూటగట్టేయాలి, ఊడ్చి మొక్కల్లో పోయకూడదు. పిల్లలకి భోగి పిడకలు చేయించు, ఎండు కొమ్మలు ఏరించు. వాళ్ల మంట వాళ్ల చేతులతో సిద్ధమవుతుంది.

రంగు పూయని విరిగిన అరలు, తలుపు రెక్కలు ఏవైనా ఉంటే మాత్రం పారేయకు. బొమ్మల కొలువుకి మెట్లు అవే. మూడో, ఐదో, ఏడో, బేసి సంఖ్యలో మీ హాలుకి సరిపడా పెట్టుకోండి. ఇటుకల మీద పలకలు పరిచి పైన మీ మామ్మ పట్టుచీర కప్పితే కొలువు నిలబడిపోతుంది. పండగయ్యాక మెట్లు విప్పి గోడకి ఆనించడమే. పెద్దదానికి చేతిపని ఇష్టమన్నావు. చింతగింజల్ని నానబెట్టి రుబ్బిన ముద్దలో సన్నటి రంపపు పొట్టు కలిపి పిసకమను. కొండపల్లి వాళ్లు తెల్ల పొణికి బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికేది, అందాలు దిద్దేది ఆ మక్కుతోనే. చిన్న పక్షులు, అరటి గెలలు, పాలకడవలు చేసి నీడలో ఆరబెట్టుకోవచ్చు. సగం బొమ్మలు కొన్నవీ సగం పిల్లలు చేసినవీ ఉన్న కొలువు నాకు బాగా ఇష్టం. మీ నాన్న చిన్నప్పటి ఏటికొప్పాక లక్కపిడతలు పైమెట్టు మీద పెట్టు కానీ వాటిని స్పిరిటుతో తుడవద్దు. అంకుడు కర్ర మీద ఉన్నది లక్కే, రంగంతా గుడ్డకి వచ్చేస్తుంది. పొడిగుడ్డ చాలు.

మాఘంలో పాలిష్‌కి వద్దాం. ముందు మంచం లోపలివైపు, కనపడని చోట, స్పిరిటు అద్దిన దూది ఒక్క నిమిషం ఉంచి చూడు. జిగటగా మెత్తబడితే అది పాత లక్క పాలిష్. అలా అయితే అదృష్టం. పాతది గీకనక్కర్లేదు, కొత్త లక్క దానిలోనే కలిసిపోతుంది. ఏమీ కాకపోతే అది వార్నిషో మెలమైనో, అప్పుడు వడ్రంగి చెప్పినట్టు విను.

లక్క రేకులు కిరాణా హోల్‌సేల్ వీధుల్లో, రంగుల కొట్లలో దొరుకుతాయి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే జిగురు నుంచి తీసినవి. ఎక్కువ భాగం జార్ఖండ్ వైపు నుంచి వస్తాయి. లీటరు స్పిరిటుకి 150 నుంచి 200 గ్రాములు. గాజు సీసాలోనే కలుపు, ఇనుము తగిలితే లక్క నల్లబడుతుంది. రాత్రంతా నానాక పల్చటి గుడ్డలో వడగట్టు. ఆరు నెలలు దాటిన ద్రావణం వాడకు, అది సరిగ్గా గట్టిపడదు. పాత పంచె గుడ్డలో దూది చుట్టి, దూదికి లక్క తాగించి, పైన వేలితో ఒక చుక్క అవిసె నూనె అద్ది, చెక్క మీద గుండ్రంగా తిప్పుతూ పోవాలి. చెయ్యి ఆగిందంటే అక్కడ మచ్చ. వేసే పూత ఎంత పల్చగా ఉంటే అంత మేలు. రెండు మూడు పూతలు ఆరాక 320 నంబరు కాగితంతో ఊరికే అలా తాకించి దుమ్ము తుడిచి మళ్లీ మొదలు. తొందరపడొద్దు, వారం పట్టినా పట్టనీ. ఏడెనిమిది పూతల తరవాత చెక్క గీతలు లోపలి నుంచి పైకి వచ్చినట్టు కనపడతాయి. ఆ లోతు మెలమైన్‌కీ పీయూ పాలిష్‌కీ రాదు. అవి చెక్క మీద ప్లాస్టిక్ పొరలా కూర్చుంటాయి. దెబ్బ తగిలితే మొత్తం ఊడదీయాలి. లక్క అయితే దెబ్బ తగిలిన చోటే సరిచేసుకోవచ్చు.

భోజనాల బల్లకి మాత్రం లక్క వద్దు. వేడి గిన్నె పెడితే తెల్ల వలయం పడుతుంది. అక్కడ పీయూ వేయించుకో, నేనేమీ అనుకోను.

రెండు విషయాలు గట్టిగా చెప్తున్నాను. ఈ పని జరిగే గదిలో దీపం, అగరొత్తి, పొయ్యి ఏవీ ఉండకూడదు. స్పిరిటు ఆవిరి అంటుకుంటుంది. ఇక అవిసె నూనె అద్దిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరుతూ వేడెక్కుతుంది, గుట్టగా ఉంటే నిప్పు లేకుండానే మండుతుంది. విడివిడిగా పరిచి బయట తీగ మీద ఆరబెట్టి, ఆ తరవాతే పారేయించు.

ఉగాదికి గుమ్మాలు. గడపలకి పసుపు రంగు ఎనామిల్ వేయిస్తే రోజూ కష్టం ఉండదని పక్కింటావిడ చెప్పిందన్నావు. టేకు గడపని రంగుతో మూసేయకు. పండగకీ శుక్రవారానికీ పసుపు రాసుకో, రోజూ కుదరకపోతే ఎవరూ ఏమీ అనరు.

ఎండాకాలం పిల్లలకి సెలవులు, అప్పుడు కూర్చోబెట్టి చేయించే పనులు చాలా ఉన్నాయి. పడక కుర్చీకి కొత్త కాన్వాసు గుడ్డ కుట్టించి, కర్రలు దూర్చే పని వాళ్లకే ఇవ్వు. పేము కుర్చీల్లో ఒకదానికి అల్లిక తెగింది కానీ రెండోదానికి జారిందంతే అనుకుంటున్నాను. జారినదాన్ని బోర్లించి, కింది నుంచి వేడినీళ్ల గుడ్డతో బాగా తడిపి, ఎండలో ఆరనిస్తే అల్లిక బిగుసుకుంటుంది. తెగినదానికి అల్లేవాళ్లని వెతకాలి. పని జరుగుతుంటే పిల్లల్ని పక్కన కూర్చోమను. పేము ముందు నానబెట్టి తడిగా అల్లితేనే ఆరాక బిగుస్తుందని వాళ్లు కళ్లతో చూడాలి. పడమటి వరండాకి వట్టివేరు తడికెలు కట్టించు. సాయంత్రం నీళ్లు చల్లే పని చిన్నవాడిది.

వానాకాలంలో ఒక్కటే మాట. భోషాణం మూత, బీరువా సొరుగులు బిగుసుకుని రాకపోతే చిత్రిక పట్టించకు. తడి పీల్చుకుని చెక్క ఉబ్బింది, అంతే. అప్పుడు గీస్తే వేసవిలో సందు పడుతుంది. సొరుగు అడుగున కొవ్వొత్తి రుద్ది ఓపిక పట్టు. తడి కాలం పోయాక దానంతట అదే వదులవుతుంది. దసరాకి పనిముట్లు తీసి, తుప్పు రుద్ది, నూనె రాసి పూజలో పెట్టండి. మా నాన్న వాడిన ఉలి, చిత్రిక మీ మేడ మీద ఇనప్పెట్టెలోనే ఉండాలి.

ప్రతి సామాను అడుగున పెన్సిలుతో సంవత్సరం, వేసిన పాలిష్ పేరు రాసిపెట్టమని అల్లుడు గారికి చెప్పు. ఆయన అక్షరాలు బాగుంటాయి.

పందిరి మంచానికి ఒక కోడు అడుగున విరిగిందన్నావు కదా. మిగిలిన మూడింటిలో ఒకదాని ఎత్తు, మందం, గిరకలున్న చోట చుట్టుకొలత తాడుతో కొలిచి, ఫోటో కూడా తీసి పంపు. కాకినాడలో లేతు మీద అలాంటి పని చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. పాత ద్వారబంధాల చెక్క తెచ్చి విరిగిన భాగం వరకే అతికిస్తాడు. రథసప్తమి దాటాక నేనూ మీ దొడ్డమ్మా వస్తున్నాం. ఆ ముక్క నాతో తెస్తాను. అప్పటికి మంచం కడిగి, కీళ్లు బిగించి ఉంచితే మొదటి పూత మనం కలిసి వేద్దాం.

పిల్లలకి ముద్దులు. మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న