ఆరామము – విరామము: అనంతపురము సీమలో ఒకనాటి క్షేత్రయాత్రలు

సంస్కృతమున ‘రమ్’ అను ధాతువు కలదు. క్రీడించుట, ఆనందించుట అని దాని అర్థము. రాముడు, రమణుడు అను భగవన్నామములు ఆ ధాతువునుండియే ఏర్పడినవి. దానికి ‘ఆ’ అను ఉపసర్గ చేరినచో ఆరామము, అనగా తోట. ‘వి’ చేరినచో విరామము, అనగా పని చాలించి నిలుచుట. దేవుడు, తోట, తీరిక – ఈ మూడింటికిని మూలమొక్కటే యని ధాతుపాఠము వల్లించు బాలునకు తోచదు. మండుటెండలో నడచి వచ్చి, చింతచెట్టు నీడలో చేరి, ఎదుట గోపురమును చూచిన యాత్రికునకు మాత్రము అది వెంటనే బోధపడును.

అట్టి ఎండ అనంతపురము సీమవారికి కొత్త కాదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు నేల యిది. నైరృతి ఋతుపవనములు తమ నీటిని పడమటి కనుమలమీదనే కుమ్మరించి, ఇచ్చటికి చేరునప్పటికి తేలిపోవును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి బలహీనపడును. వేరుసెనగ విత్తి ఆకాశము వైపు చూచుచు కూర్చున్న రైతునకు పని లేని దినములు అనేకములు. కాని అవి విశ్రాంతి దినములు కావు. మనస్సులోని చింత తీరనిదే తీరిక విరామము కానేరదు. కూలికై బెంగుళూరు పోయి ఉగాదికి ఇల్లు చేరిన కొడుకును వెంటబెట్టుకొని, ముసలి తల్లిదండ్రులు ఒక్క దినము దగ్గరి క్షేత్రమునకు పోయి వచ్చుటలో ఎంత సుఖమున్నదో ఆ సీమవారిని అడుగవలెను. తిరుమలకో శ్రీరంగమునకో పోయిననే యాత్ర యగునని తలచి, ఊరి ప్రక్కనున్న స్వామిని ఏండ్ల తరబడి చూడని కుటుంబములును కలవు. దూరయాత్రకు ధనము కావలెను, దేహబలము కావలెను. దగ్గరి యాత్రకు వేకువజామున లేచుటయే చాలును.

చెరువు, వనము, దేవాలయము – ఈ మూడును సప్తసంతానములలోనివి. వీనిని పుత్రునితో సమానముగా మన పెద్దలు ఎంచిరి. కరవు నేలలో ఈ లెక్క ఎంత నిజమో అనంతపురము పేరే చెప్పును. మొదటి బుక్కరాయల కాలమున, పదునాలుగవ శతాబ్దిలో, పండమేరునకు అడ్డుగా కట్టిన పెద్ద చెరువు కట్టకు రెండు కొసల వెలసిన ఊళ్లు బుక్కరాయసముద్రము, అనంతసాగరము. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. అనంత యనునది రాణి పేరని చెప్పుదురు. వైష్ణవుని చెవికి మాత్రము అది ఆదిశేషుని పేరుగానే వినబడును, అందు దోషము లేదు. పొరుగున పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో నిలిపిన సంస్కృత శాసనము చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. జలశాస్త్ర మెరిగిన విప్రుడు ఆ అంగములలో నొకడు. చవుడు నేల దోషములలో నొకటి. నీటిని కూర్చుట శాస్త్రమును ధర్మమును కలిసిన పనియని ఆనాటివారు తలచిరి.

ఈ సీమలో స్వామి పేర్లను గమనింపుడు. చెట్టో, నీరో, కొండయో వానిలో తప్పక కనబడును.

తాడిపత్రిలోని వేంకటరమణస్వామి ‘చింతల’ వేంకటరమణుడు. చింతచెట్టు తొఱ్ఱలో స్వామి లభించినాడని స్థలకథ. చింతలు తీర్చువాడు కనుక ఆ పేరు వచ్చినదని భక్తులు శ్లేష చెప్పుదురు. వ్యాకరణము దీనికి ఒప్పుకొన్నను మానినను భక్తి ఒప్పుకొనును. విజయనగర రాజుల కాలమున పెమ్మసాని నాయకులు ఈ ఆలయమును కట్టించిరి. స్వామికి ఎదురుగా గరుడమండపము రాతిరథముగా నిలిచియున్నది. ఆలయపు గోడలమీద రామకథయు కృష్ణలీలలును వరుసగా చెక్కబడియున్నవి. చదువురాని అవ్వ మనుమనికి రామాయణము చెప్పుటకు ఇంతకంటె మంచి పుస్తకము లేదు. ప్రదక్షిణము చేయుచు ఒక్కొక్క బొమ్మ కడ నిలిచి, ‘ఇతడెవరు? ఇది ఏ ఘట్టము?’ అని పిల్లలనే అడుగవలెను. త్వరపడువారు అరగంటలో బయటికి వత్తురు. నిలిచి చూచువారికి ఒక పూట చాలదు.

అదే ఊరిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయము కలదు. బుగ్గ యనగా ఊట. లింగము కడ నీరు ఎడతెగక ఊరుచుండునని ప్రసిద్ధి. ఏటిలో ఇసుక మాత్రమే కనబడు వేసవిలో ఆ పేరు వినుటయే చల్లగా నుండును. దీని గోపురములు పూర్తికాక మొండిగా నిలిచినను, వాని రాతిపని చూచి తీరవలెను. వైష్ణవులు శివాలయమునకు పోవచ్చునా యని శంకించువారు, రెండు ఆలయములను కట్టించినది ఒక్క పెమ్మసాని వంశమే యని తెలిసికొనుట మంచిది. తాడిపత్రికి చేరువనే కొండల నడుమ ఆలూరు కోనలో రంగనాథుడు వెలసియున్నాడు. శ్రీరంగము, శ్రీరంగపట్టణము, శివసముద్రము – మూడుచోట్లను రంగడు కావేరి పాయల నడుమనే పవళించినాడు. ఇచ్చట ఆయన కోనతో సరిపెట్టుకొన్నాడు.

ఉరవకొండ దారిలోని పెన్నహోబిలము పేరులో పెన్నానదియే యున్నది. నరసింహస్వామి పాదముద్రపై ఆలయము కట్టబడినదనియు, ఆ ముద్ర అయిదు అడుగులకు మించి యుండుననియు చెప్పుదురు. పెండ్లిండ్లకు ఈ క్షేత్రము పెట్టినది పేరు. క్షేత్రము పేరిటనే పెన్నపై కట్టిన జలాశయమునకు తుంగభద్ర ఎగువ కాలువ నీరు వచ్చి చేరును. పంపానది నీటిని పినాకినిలో చూచు భాగ్యము పూర్వులకు లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లా విభజన జరుగగా కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఖదిర మనగా చండ్రచెట్టు. ఆ చెట్టు కడ వెలసిన స్వామి ఖాద్రి నరసింహుడు. ‘ఖ’ యనగా విష్ణుపాదమనియు, ‘అద్రి’ యనగా కొండ యనియు విడదీసి చెప్పు వ్యుత్పత్తియు నున్నది. పండితులకు రెండవది ముచ్చటగా తోచవచ్చును గాని, ఊరివారు చెప్పు చెట్టే సహజము. ఫాల్గునమాసపు బ్రహ్మోత్సవములలో ముస్లిములును భక్తితో పాల్గొందురు. కదిరినుండి సుమారు 25 కిలోమీటర్ల దూరమున గూటిబయలులో తిమ్మమ్మ మఱ్ఱిమాను కలదు. సుమారు అయిదు ఎకరముల మేర వ్యాపించి, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఊడలు దిగి, అవియే మొదళ్లుగా మారి, ఏది తల్లిమానో తెలియని తీరు. వటపత్రశాయి కథను పిల్లలకు చెప్పుటకు ఆ నీడకంటె తగిన స్థలము దొరకదు.

ఒకనాటి యాత్రకు మాఘ ఫాల్గునములు అనుకూలము. వేకువనే బయలుదేరి ఎండ ముదురక మునుపే దర్శనము ముగించుకొనవలెను. మధ్యాహ్నము ఆలయము మూయు వేళలో అలజడి పడక, మండపములోనో చెట్టు క్రిందనో కూర్చుండి, ఇంటినుండి తెచ్చిన పులిహోర, దద్ధ్యోదనము ఆరగింపవలెను. వృద్ధులు కొంతసేపు నడుము వాల్చవలెను. రెండు మూడు క్షేత్రములను ఒక్క దినములో చుట్టి రావలెనని వాహనమును తరుముట యాత్ర యనిపించుకొనదు; ఒక్క క్షేత్రమే చాలును. విస్తరాకులు చెట్టు మొదట వదలరాదు, ప్లాస్టిక్ సీసాలను కోనేటిలో పారవేయరాదు. ఊడలమీద పేర్లు చెక్కు యువకులను పెద్దలు మందలింపవలెను. మిగిలిన త్రాగునీరున్నచో తిరుగు ప్రయాణమునకు ముందు అచ్చటి లేతమొక్క పాదులో పోయవచ్చును.