తుఫాను తేదీలు – వరి పైరు

బంగాళాఖాతపు తుఫానులను గూర్చి మాటలాడునపుడు గాలి ఎంత వేగముగా వీచినది, సముద్రము ఎంత దూరము పొంగినది అని చెప్పుకొనుట వాడుక. అది ఏ తేదీన వచ్చినదో అంతగా ఎంచరు. పైరు విషయములో మాత్రము గాలి వేగముకంటె తేదీయే తరచు ఎక్కువ నష్టమునకు కారణమగుచున్నది. కోస్తా రైతులు పాత తుఫానుల తేదీలను తెలిసికొని యుండిన, నారు ఎప్పుడు పోయవలెనో నిర్ణయించుకొనుటకు అవి చాల ఉపకరించును.

మచిలీపట్నమును ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్న ఉప్పెన 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చినది. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి నాశనమైనది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుఫాను 1996 నవంబరు 6న సంభవించినవి. రెండవ గుంపు మే నెలలో కానవచ్చును: 1979 మే, 1990 మే 9, 2010 మే 20. జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఇట్టి పెనుతుఫానులు మన తీరమునకు అరుదు. నైరుతి ఋతుపవనము బలముగా నుండు ఆ నెలలలో క్రింది గాలి ఒక దిక్కునకు, పై గాలి మరియొక దిక్కునకు వీచుటచే సుడి నిలువుగా ఎదుగజాలదు. ఋతుపవనమునకు ముందును, అది వెనుకకు మరలిన తరువాతను ఆ అడ్డు తొలగిపోవును.

1977 నాటి తుఫాను చీరాల సమీపమున తీరము దాటినది. అయినను ఘోరమైన ప్రాణనష్టము జరిగినది చీరాలలో కాదు, దానికి తూర్పుననున్న దివిసీమలో. ఇందులో వింత లేదు. మన వైపు తుఫానుల గాలి గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా తిరుగును. కావున తుఫాను నడచు దారికి కుడి ప్రక్కనున్న తీరముమీదికి గాలి సముద్రపు నీటిని నెట్టుకొని వచ్చును. ఎడమ ప్రక్కన నేలమీదినుండి సముద్రమువైపునకు వీచును. దివిసీమ కుడి ప్రక్కన చిక్కుకొన్నది. సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు లేచి పల్లపు భూములను ముంచివేసినది. పదివేలమంది వరకు మరణించినట్లు ప్రభుత్వపు లెక్క. ఇంకను ఎక్కువయని అనేకుల అభిప్రాయము. పశువులు లక్షలకొలది పోయినవి. పండి కోతకు సిద్ధముగానున్న వరి ఉప్పునీటి పాలైనది. తుఫాను ఫలానా ఊరివద్ద తీరము దాటునని రేడియోలో విన్నపుడు ఆ ఊరికి తూర్పున, ఈశాన్యమున నున్నవారు మరింత జాగ్రత్త పడవలెను.

1990 మే 9వ తేదీ తుఫాను ఇంచుమించు ఆ ప్రాంతముననే, కృష్ణా ముఖద్వారమువద్ద తీరము దాటినది. బలములో 1977 నాటిదానికి తీసిపోలేదు. లక్షమందికి పైగా ముందుగనే తరలింపబడుటచే మృతులసంఖ్య వేయిలోపున నిలిచినది. అరటి, కొబ్బరి, మామిడి తోటలు పాడైనను, అప్పటికి సార్వా ధాన్యము పొలమునుండి ఏనాడో ఇల్లు చేరినది. అదే గాలి నవంబరులో వీచియుండిన వరి సంగతి వేరుగా నుండెడిది.

దీనికి ఎదురు ఉదాహరణము 2023 డిసెంబరు 5న బాపట్లవద్ద తీరము దాటిన మిచాంగ్ తుఫాను. పైన చెప్పిన వాటితో పోల్చిన ఇది సామాన్యమైన తుఫానే. కాని వచ్చిన వేళ చెడ్డది. డెల్టాలో కొంత పైరు కోతకు నిలిచియున్నది, కొంత కోసి పనలమీదనున్నది, కొంత ధాన్యము కళ్ళములలో ఆరుచున్నది. గాలి చేయలేని నష్టమును వాన చేసినది.

ఇపుడు మన పైరు లెక్క చూతము. 150 దినముల రకమును జూలై 10న నారు పోసినయెడల నవంబరు మొదటివారమున పూతలోనుండి, డిసెంబరు 7 ప్రాంతమున కోతకు వచ్చును. అనగా 1996 నాటి తేదీకి పూత, 1977 నాటి తేదీకి పాలుపోసుకొను దశ, 2023 నాటి తేదీకి కోత. మూడును గండములే. 135 దినముల రకమును జూన్ 10న పోసినయెడల అక్టోబరు 23కు కోతకు వచ్చును. దీనితో గండము పూర్తిగా తప్పునని చెప్పరాదు. విశాఖపట్నమును దెబ్బతీసిన హుద్ హుద్ 2014 అక్టోబరు 12ననే వచ్చినది, అక్టోబరు వానలలో నూర్పిడియు కష్టమే. అయినను నవంబరుకంటె అక్టోబరు మేలని మా అభిప్రాయము. కాలువ నీరు ఆలస్యమైన రైతు ఏమి చేయగలడని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పట్టిసీమ ఎత్తిపోతలవలన గోదావరి నీరు జూన్ లోనే కృష్ణా డెల్టాకు అందిన ఏండ్లలో నాట్లు ముందుకు జరిగినవి. అట్లు అందని ఏడు, బోరు వసతిగలవారు పదిమంది కలసి ఉమ్మడి నారుమడి పోసికొనిన రెండు మూడు వారములు కలసివచ్చును. నీరు నిజముగా ఆలస్యమైనపుడు దీర్ఘకాలిక రకమును పట్టుకొని వ్రేలాడక, తక్కువ కాలములో పండునదియు, పడిపోని గట్టి కాండము గలదియునగు రకమును ఎన్నుకొనవలెను.

కొబ్బరికి తేదీ మార్చుటకు వీలులేదు. 1996లో కోనసీమలో కూలిన చెట్లు లక్షల మీద లెక్క. తిరిగి నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఆ ఏండ్లలో అంతరపంటయే కుటుంబమునకు ఆధారము.

తీరము దాటిన తుఫాను అంతటితో సమసిపోదు. బలము తగ్గి వాయుగుండమై లోనాడులకు సాగి కుండపోతగా కురియును. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగి వేలకొలది జనమును పొట్టనబెట్టుకొనుటకు అట్టి వానయే కారణము. ఆ వరదలో ఎగువనున్న చెరువులు రెండు వందలకు పైగా తెగినవి. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువుమీద పడును. గొలుసుకట్టు చెరువులలో ఒకరి అలక్ష్యము పది ఊళ్ళకు ముప్పు. తెలంగాణ, రాయలసీమ రైతులు సెప్టెంబరు రాకముందే అలుగుకు అడ్డముగా పెరిగిన తుమ్మచెట్లను కొట్టించి, కట్టమీద ఎలుక బొరియలను పూడ్పించవలెను. ఎక్కువ నీరు నిలుపుకొను ఆశతో అలుగుమీద మట్టి బస్తాలు వేయుట బహు ప్రమాదకరము.

తుఫాను వెలిసిన మరునాటి పనులు కొన్ని కలవు. మొట్టమొదట చేలో నిలిచిన నీరు బోదెలగుండ తీసివేయవలెను. పడిపోయిన వరిని నాలుగైదు దుబ్బులు చేర్చి కట్టి నిలబెట్టవలెను. గింజ చేలోనే మొలకెత్తు సూచన కానవచ్చిన, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కరగించి వెన్నులు తడియునట్లు చల్లవలెను. ఎకరమునకు 200 లీటర్ల నీరు, 10 కిలోల ఉప్పు సరిపోవును. కోసిన పనలు తడిసియుండిన తిరగవేసి ఆరనిచ్చిన పిదపనే కుప్ప వేయవలెను.

ఉప్పెన నీరు నిలిచిన పొలమును వెంటనే దున్నరాదు. ముందు ఉప్పునీటిని మురుగు కాలువలోనికి వదలి, గట్లు బాగుచేసి, మంచినీరు నిండుగా పెట్టి రెండు మూడు దినములుంచి తీసివేయవలెను. ఇట్లు పలుమార్లు చేసిన ఉప్పు చాలవరకు దిగిపోవును. తరువాత మట్టి నమూనా పరీక్షకు పంపి, చౌడు లక్షణమున్నదని తేలిననే, వారు చెప్పిన మోతాదున జిప్సము వేయవలెను. తొలకరికి జీలుగ చల్లి, పూతకు వచ్చుసమయమున కలియదున్ని, ఆ పిమ్మట వరి నాటవచ్చును.