మోటారు యంత్రమునకు తగిన వేడిమి

వేసవియందు మోటారుకారు దారిలో నిలిచి ఆవిరి గ్రక్కుచుండుట మనము చూచుచుందుము. అట్టి సమయమున కొందఱు పనివారు థర్మోస్టాట్ అను చిన్న కవాటమును ఊడదీసి, “ఈ యెండల దేశమున దీనితో పనిలేదు” అందురు. మేమును ఒకప్పుడు ఆ మాట నమ్మితిమి. కొలది నెలలలో పెట్రోలు ఖర్చు పెరిగెను. యంత్రపు నూనె త్వరగా చెడెను. అప్పుడు కారణము విచారించి తెలిసికొన్న సంగతులను విద్యార్థులకొఱకు ఇచట వ్రాయుచున్నాము.

పెట్రోలు మండుటచే యంత్రమున మిక్కిలి వేడి పుట్టును. పంపు త్రిప్పుచుండగా నీరు ఆ వేడిని గైకొని రేడియేటరునకు పోయి, అచ్చట గాలికి చల్లాఱి మరల వచ్చును. అయితే చల్లదనమొక్కటే చాలదు. యంత్రము చల్లగా నున్నచో పెట్రోలు సరిగా ఆవిరిగాక నూనెలో కలియును. నూనెలోని తేమ యిగిరిపోదు. లోని భాగములు త్వరగా అఱుగును. కావుననే థర్మోస్టాట్ ద్వారపాలకునివలె నిలిచి, నీరు తగినంత కాగువఱకు రేడియేటరు దారిని మూసియుంచును. దానిలోని మైనము సాధారణముగా 82 మొదలు 90 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమిలో కరగి, వ్యాకోచించి, కవాటమును తెఱచును. ఆ కవాటము మూసికొని బిగిసిపోయినచో యంత్రము మితిమీఱి కాగును; తెఱచుకొని బిగిసినచో వేడెక్కుటకు చాలసేపు పట్టును.

దీనిని ఇంట మార్చుట కష్టము గాదు. కాని యొక నియమమును తప్పక పాటింపవలెను. యంత్రము వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. లోని నీరు ఒత్తిడిలో నుండుటచే 100 డిగ్రీలు దాటినను మరగకుండును. మూత తీసిన క్షణముననే మరగి ముఖముపై చిమ్మును. కొన్ని గంటలు చల్లాఱనీయవలెను.

పిమ్మట క్రింద పళ్లెము పెట్టి నీటిని దింపవలెను. అనేకములగు బండ్లలో పై రబ్బరు గొట్టము యంత్రముతో కలియుచోట బోల్టులు విప్పినచో కవాటము కనబడును. దానిని దారముతో గిన్నెలోని నీటిలో అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ఉష్ణమాపకము నుంచి కాచవలెను. దానిపై ముద్రించిన డిగ్రీలకు దగ్గఱగా తెఱచుకొన్నచో దోషము వేఱొకచోట నున్నదని యెఱుంగవలెను. తెఱచుకొననిచో, స్ప్రింగు యంత్రమువైపునకు వచ్చునట్లు క్రొత్తదానిని అమర్చవలెను. పాత గ్యాస్కెట్టును గీకి, క్రొత్తది వేసి, బోల్టులన్నిటిని సమముగా కొద్దికొద్దిగా బిగింపవలెను.

మా బండి విషయమున అసలు దోషము కవాటముది కాదు. ఏండ్ల తరబడి పోసిన బావినీటి వలన రేడియేటరు సన్నగొట్టములలో సున్నపు పొర పేరుకొనియుండెను. కావున బండి పుస్తకములో చెప్పిన కూలెంటును డిస్టిల్డు నీటితో కలిపి పోయవలెను. అది త్రుప్పును అడ్డగించును. ఇథిలీన్ గ్లైకాల్ గల కూలెంటు తియ్యగా నుండును గాని విషము. దింపిన ద్రవమును పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

నింపిన తరువాత ఆ పుస్తకమున జెప్పిన రీతిని లోని గాలిని పోగొట్టవలెను. యంత్రమును నడిపినప్పుడు పై గొట్టము కొంతసేపు చల్లగా నుండి పిమ్మట వేడెక్కినచో కవాటము తెఱచుకొనినదని తెలియును. మఱునాడు యంత్రము చల్లగా నున్నప్పుడు నీటిమట్టమును మరల చూడవలెను. గొట్టముల పగుళ్లను, రేడియేటరు రెక్కలలోని దుమ్మును నెలకొకమాఱైనను పరీక్షించుట మంచిది.

వేడిచే పదార్థములు వ్యాకోచించునని తరగతిలో చదివిన చిన్న పాఠమే ఈ కవాటమును నడుపుచున్నది. ఏ భాగమునైనను అక్కఱలేదని పాఱవేయుటకు ముందు, అది యేల పెట్టబడెనో విచారింపవలెను.