కరిగెటలో ట్రాక్టరు డిఫరెన్షియలు: సంరక్షణ, మరమ్మతు

ఎల్లారెడ్డిపేట, గంభీరావుపేట ప్రాంతముల వరి రైతులకు కరిగెట రోజుల విలువ చెప్పనక్కరలేదు. చెరువులో నీరుండి, నారు ముదురుచుండగా ట్రాక్టరు నిలిచిపోయినచో దాని యజమానియే కాదు, దానికై వేచియున్న నలుగురైదుగురి నాట్లు కూడ వెనుకబడును. అట్లు నిలిచిన ట్రాక్టర్లలో వెనుక భాగమున గల డిఫరెన్షియలు చెడినది కొన్ని ఉండును. ఇది ఖర్చుతోను, ఆలస్యముతోను కూడిన మరమ్మతు. అయితే కరిగెటలో దీనిని పాడుచేయు ముఖ్య కారణములు రెండే: లోనికి పోవు నీరు, ఒక చక్రము జారి ఊరక తిరుగుట. ఈ రెంటిని నివారించుట రైతు చేతిలోని పనియే.

డిఫరెన్షియలు చేయు పని

గేరుపెట్టె నుండి వచ్చు శక్తి చిన్న పళ్ళచక్రమగు పినియనుకు, దాని నుండి పెద్దదగు క్రౌనుకు చేరును. క్రౌనుతో పాటు తిరుగు పెట్టెలో చిన్న స్టారు పినియన్లు, వాటికి ఇరుప్రక్కల యాక్సిలు గేర్లు ఉండును. ట్రాక్టరు తిన్నగా పోవునపుడు ఇవన్నియు ఒకే ముద్దగా తిరుగును. మలుపులో మాత్రము స్టారు పినియన్లు తమ ఇరుసుపై తిరిగి, వెలుపలి చక్రమును వేగముగాను, లోపలి చక్రమును నెమ్మదిగాను నడుపును.

వెనుక చక్రముల నడుమ దూరము 1.5 మీటర్లనుకొనుడు. లోపలి చక్రము 3 మీటర్ల వ్యాసార్ధముతో ఒక పూర్తి చుట్టు తిరిగినచో సుమారు 19 మీటర్లు నడచును. అదే చుట్టులో వెలుపలి చక్రము సుమారు 28 మీటర్లు నడువవలెను. ఈ 9 మీటర్ల తేడాను సర్దునదే డిఫరెన్షియలు. ఫ్రాన్సు దేశస్థుడగు ఒనెసిఫోర్ పెక్యూర్ 1827లో ఆవిరిబండి కొరకు దీనిని రూపొందించెను.

ఈ సదుపాయములో ఒక చిక్కు కూడ కలదు. డిఫరెన్షియలు రెండు చక్రములకును సమానమైన బలమునే పంచును. ఒక చక్రము బురదలో జారినచో, గట్టి నేలపైనున్న రెండవ చక్రమునకు కూడ అంతే కొద్దిపాటి బలము అందును. అది కదలక నిలిచిపోవును. జారు చక్రము క్రౌను వేగమునకు రెట్టింపు వేగముతో తిరుగును. అపుడు స్టారు పినియన్లు గిర్రున తిరిగి, ఆయిలు పొర చెదరి, వేడెక్కి, ఇరుసుపై ఒరిసి పాడగును.

నీరు ఎట్లు లోనికి పోవును?

గంటల తరబడి దున్నిన ట్రాక్టరులో ఆయిలుతో పాటు లోపలి గాలియు వేడెక్కి వ్యాకోచించును. అట్టి వేడి యాక్సిలు చల్లని మడినీటిలో మునిగినపుడు లోపలి గాలి కుంచించుకొని, బయటి నుండి గాలిని పీల్చుకొనును. ఈ రాకపోకలకే బ్రీదరు అను చిన్న గాలిరంధ్రము ఏర్పరచియున్నారు. అది బురదతో మూసికొనిపోయినచో పీల్పు ఆయిలు సీళ్ళ మీద పడును. అరిగిన సీలు గుండా గాలికి బదులు నీరు, మట్టి లోనికి పోవును. కేజ్ వీల్సుకు చుట్టుకొను గడ్డి, తీగలు కూడ సీళ్ళను కోయును.

కావున కరిగెట దినములలో ప్రతి సాయంత్రము ఈ మూడు పనులు చేయుడు:

1. యాక్సిలు చివరలందు చుట్టుకొనిన గడ్డిని, బురదను తీసివేయుడు. ఇంజను ఆపిన పిదపనే చేయి పెట్టవలెను.
2. బ్రీదరును గుడ్డతో తుడిచి, రంధ్రము తెరచియున్నదో లేదో చూడుడు. నీటిని వేగముగా దానిపై చిమ్మరాదు.
3. ట్రాక్టరును సమతలమున నిలిపి, ఆయిలు పుల్ల తీసి మట్టమును, రంగును చూడుడు.

ఆయిలు మజ్జిగ వలె తెల్లబారినచో నీరు కలిసినదని తెలియవలెను. అనుమానమున్నచో కొంత ఆయిలును గాజుసీసాలో పోసి రాత్రంతయు కదపక ఉంచుడు. అడుగున నీరు తేరినచో సందేహము తీరును. నీరు తేరకున్నను, తెలుపు విరుగకున్నచో నీరున్నట్లే భావించవలెను. అట్టి ఆయిలుతో నడిపినచో బేరింగులు తుప్పుపట్టి, క్రౌను పళ్ళు గుంటలు పడును. అనేక ట్రాక్టర్లలో గేరుపెట్టెకు, డిఫరెన్షియలుకు, హైడ్రాలిక్సుకు ఒకే ఆయిలు కాబట్టి లిఫ్టు కూడ చెడును.

ఆయిలు మార్చుట

నీరు చేరినపుడు గంటల లెక్క చూడక వెంటనే ఆయిలు మార్చవలెను. ఇతర సమయములలో మీ ట్రాక్టరు పుస్తకములో తెలిపిన గంటలను పాటించుడు. బండి నడిపి, ఆయిలు గోరువెచ్చగా ఉన్నపుడు దింపినచో మడ్డి అంతయు వచ్చును. డ్రైన్ ప్లగ్గుకు అయస్కాంతమున్నచో దానిని పరీక్షించుడు. బూడిద వంటి మెత్తని పొడి సహజము. పెంకులు గాని, పంటిముక్కలు గాని కనబడినచో బండిని నడుపక మెకానిక్కుకు చూపవలెను.

పుస్తకము చెప్పిన రకము ఆయిలునే పోయవలెను. ఆయిలులో మునిగియుండు బ్రేకులు గల ట్రాక్టరులో లారీ హౌసింగు ఆయిలు పోసినచో బ్రేకులు సరిగా పట్టవు. నీరు చేరుటకు కారణమైన సీలును మార్చక ఆయిలు మాత్రము మార్చుట వ్యర్థము. పాత ఆయిలును కాలువలోను, బావి దగ్గరను పారబోయరాదు.

లాకు వాడు విధము

డిఫరెన్షియలు లాకు రెండు చక్రములను ఒకటిగా బిగించును. చక్రము జారునని తోచినపుడు, వేగము తగ్గించి, తిన్నగా పోవుచుండగా దీనిని నొక్కవలెను. చక్రము గిర్రున తిరుగుచుండగా నొక్కినచో లాకు పళ్ళు విరుగును. ఒడ్డు దగ్గర మలుపుకు ముందే వదలవలెను. లాకుతో మలుపు తిప్పినచో యాక్సిలు మెలిపడుటయే గాక స్టీరింగు మాట వినదు. రోడ్డు మీద లాకు వాడరాదు. కేజ్ వీల్సుతో రోడ్డెక్కరాదు.

ఇక్కడ ప్రాణములకు సంబంధించిన మాట యొకటి. వెనుక చక్రములు లోతుగా దిగబడినపుడు వాటికి దుంగలు కట్టి ముందుకు లాగించుట కొందరికి అలవాటు. చక్రము తిరుగలేనపుడు క్రౌనుపై పడిన శక్తి ట్రాక్టరు ముందు భాగమును పైకి లేపును. రెప్పపాటులో బండి వెనుకకు తిరుగబడి నడుపువాని మీద పడును. కావున దిగబడినపుడు పనిముట్టు విప్పి, మెల్లగా వెనుకకు తీయుడు. రాకున్నచో మట్టి త్రవ్వి, వేరొక ట్రాక్టరుతో లాగించుడు.

చప్పుడును బట్టి లోపము

మలుపులో మాత్రమే చప్పుడు వచ్చినచో స్టారు పినియన్లను, వాటి ఇరుసును అనుమానించుడు. బరువు లాగునపుడు గాని, వదలినపుడు గాని ఊళ వంటి చప్పుడు వచ్చినచో క్రౌను, పినియన్ల అమరిక చెడియుండును. ఎల్లవేళల గరగరమనుచున్నచో బేరింగు అరిగినదని తలచవచ్చును. క్లచ్చి వదలిన క్షణమున టక్కుమన్నచో పళ్ళ నడుమ సందు పెరిగియుండవచ్చును.

విప్పి మరమ్మతు చేయించునపుడు

క్రౌను, పినియను ఒకదానితో నొకటి ఒరిపిడి చేసి జతపరచినవి. ఒకటి చెడినను రెంటిని జతగానే మార్చవలెను. మెకానిక్కు తిరిగి బిగించునపుడు దగ్గరనుండి ఈ క్రింది విషయములు చూచుకొనుడు:

1. బేరింగు మూతలకు కుడి, ఎడమ గుర్తులు పెట్టి విప్పినాడా?
2. పినియను వెనుక షిమ్ములను లెక్క ప్రకారము వేసినాడా?
3. పళ్ళ నడుమ సందును డయలు గేజితో కొలిచి, పుస్తకములోని అంకెకు సరిచేసినాడా? ఇది మిల్లీమీటరులో కొద్ది పదవ వంతులే కాబట్టి చేతి అంచనా పనికిరాదు.
4. పళ్ళకు రంగు పూసి తిప్పి చూచినాడా? ఒరిసిన గుర్తు పంటి నడిభాగమున పడవలెను. కొనకో, మొదలుకో, అంచుకో పడినచో పళ్ళు త్వరలో విరుగును.
5. బోల్టులను టార్కు రెంచితో బిగించినాడా?

జారుట తప్పుటకై స్టారు పినియన్లను వెల్డింగు చేయించుట ఎంతమాత్రము తగదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దారులలో ధాన్యము మోయు లారీల హౌసింగుకును ఈ బిగింపు నియమములే వర్తించును. ఆ ఆయిలు వేరుగా నుండును. దాని మట్టమును, బ్రీదరును వేరుగా చూచుకొనవలెను.

మరమ్మతు నేర్చుకొనగోరు యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ ఉపయోగపడును.

యాసంగి కోతలు ముగిసి, వానాకాలపు కరిగెట మొదలగు నడుమ వచ్చు ఎండాకాలమే సీళ్ళు, ఆయిలు చూచుకొనుటకు అనువైన సమయము. షెడ్డులో రద్దీ లేని ఆ దినములలో ఒక పూట వెచ్చించినచో, నాట్ల వేళ ట్రాక్టరు మడిలో నిలిచిపోవు బాధ తగ్గును.