చిన్న అంకె, పెద్ద గొట్టం: తుపాకీ బోరు లెక్కలు

మెట్‌పల్లి, కోరుట్ల వైపు మక్క చేలున్న ఇళ్ళల్లో అడవి పందుల మాట వస్తే, దాని వెనకాలే "ట్వెల్వ్ బోర్" మాట కూడా వస్తుంది. ఇంతకీ ఈ 12 ఏంటి? మిల్లీమీటర్లా, అంగుళాలా? రెండూ కాదు. లెక్క కట్టి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ చాలు, ఏ బ్రాంచి వాళ్ళకైనా అర్థమవుతుంది.

ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కోటి 37.8 గ్రాములు. ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టమే 12 బోరు. సీసం సాంద్రత 11.34 వేసి చూస్తే వ్యాసం 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. అందుకే అంకె తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది. 8 బోరు 21.2 మిల్లీమీటర్లు, 4 బోరు 26.7. ఆ 4 బోరు గుండు ఒక్కటే 113 గ్రాములు! రైఫిళ్ళ లెక్క వేరు. .315, .470 లాంటివి అంగుళంలో భాగాలు.

అంత పెద్ద గుండు ఎందుకు అవసరమైంది? సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత తుపాకిమందుతో గుండు వేగం ఒక హద్దు దాటేది కాదు. వేగం పెరగనప్పుడు దెబ్బ పెంచాలంటే బరువు పెంచాల్సిందే. మధ్య భారతం అడవుల్లో తిరిగిన జేమ్స్ ఫోర్సిత్ అనే సైనికాధికారి, 1863లో వచ్చిన తన పుస్తకంలో పెద్ద బోరు, గుండ్రటి గుండు, దండిగా మందు అనే పద్ధతినే సమర్థించాడు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగరాని మందు తయారుచేశాక ఈ లెక్క తారుమారైంది.

ఎలాగో చూడండి. 12 బోరు గుండు 37.8 గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్లు అనుకుందాం. ½mv² ప్రకారం శక్తి సుమారు 3,020 జౌల్స్. ఇప్పుడు .275 రిగ్బీ రైఫిల్ తీసుకుందాం. తూటా 9 గ్రాములు, వేగం సుమారు 820 మీటర్లు. శక్తి మళ్ళీ సుమారు 3,020 జౌల్సే! బరువు నాలుగో వంతు, వేగం రెట్టింపు, శక్తి సమానం. భుజాన్ని తన్నేది మాత్రం mv. అది 12 బోరుకు 15, రిగ్బీకి 7.4. తన్ను సగమైంది. గాలి నిరోధం వదిలేస్తే, 100 మీటర్ల దూరంలో మొదటిది 30 సెంటీమీటర్లు కిందికి జారుతుంది, రెండోది 7 మాత్రమే.

అట్లని పెద్ద బోరు పనికిరానిదైపోలేదు. ఏనుగు, అడవి దున్న లాంటి జంతువుల్లో గట్టి ఎముక దాటి లోపలికి దిగాలంటే బరువు కావాలి. .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా 32.4 గ్రాములు, శక్తి దాదాపు 7,000 జౌల్స్. జిమ్ కార్బెట్ దగ్గర తేలికైన .275తో పాటు బరువైన .450/400 జోడు గొట్టాల రైఫిల్ కూడా ఉండేది. జోడు గొట్టాల డిజైన్‌లో రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. మీద పడే జంతువు మీద రెండో దెబ్బ రెప్పపాటులో వెయ్యొచ్చు. 1898 నాటి మౌజర్ బోల్ట్ డిజైన్‌లో గొట్టం ఒకటే. రెండో తూటాకు బోల్టు లాగి నెట్టాలి కానీ, నిర్మాణం గట్టిది, ధర తక్కువ.

మందు మారితే గొట్టం కూడా మారాలి. మెట్‌పల్లి నుంచి నిజామాబాద్ వైపు పోతే కమ్మర్‌పల్లి మండలంలో కోనసముందర్ ఉంది. మూసల్లో కరిగించిన ఆ ఊరి ఉక్కును పర్షియా వర్తకులు కొనేవాళ్ళు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తులకున్న డమాస్కస్ పేరే పాత తుపాకీ గొట్టాలకూ అంటింది. కానీ రెండింటి తయారీ వేరు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాల్చి కొట్టి అతికితే ఆ గొట్టం వచ్చేది. పైన అందమైన చారలు, లోపల అడుగడుగునా అతుకులు. పాత మందుకు అది సరిపోయింది. పొగరాని మందు ఒత్తిడిని తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. తాతల నాటి చారల గొట్టంలో నేటి తూటా పెడితే ముందు పోయేది పట్టుకున్న చెయ్యే.

వినోదం కోసం వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముగిసింది. గోదావరి అవతల కవ్వాల్ 2012 నుంచి పులుల రిజర్వు. ఇక మిగిలింది పంట మీద పడే పంది. దాన్ని కాల్చాలన్నా అనుమతి ఉండాలి, లైసెన్స్ ఉన్న షూటరే కాల్చాలి. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం మాత్రం జవాబు కాదు. ఆ తీగకు పంది, పులి, మనిషి తేడా తెలియదు.

మరి ఏ తుపాకీ మేలు? కాగితం మీద రైఫిలే గెలుస్తుంది. కానీ రైఫిల్ తూటా గురి తప్పితే మూడు, నాలుగు కిలోమీటర్లు పోగలదు. మన చేల మధ్యనే గూడేలు, బావుల దగ్గర పడుకునే రైతులు. 12 బోరు రవ్వలు కొన్ని వందల మీటర్లలోనే చతికిలబడతాయి. అందుకే మెట్‌పల్లి చేలల్లో దగ్గరి దెబ్బకు పాత 12 బోరే మంచిది. తూటా ఎంత గట్టిగా తగులుతుందో ½mv² చెప్తుంది. తగలకపోతే ఎక్కడికి పోతుందన్నది తుపాకీ ఎత్తకముందే మనం వేసుకోవాల్సిన లెక్క.