గళ్ళ నుడికట్టులోని చిన్న మాటలు



పత్రికల కడపటి పుటలలో నలుపు తెలుపు గళ్ళతో నొక చదరపు పటము ముద్రింపబడియుండుటను మీరెల్లరు చూచియే యుందురు. అడ్డముగ కొన్ని, నిలువుగ కొన్ని మాటలకు సూచనల నిత్తురు. ఆ సూచనలనుబట్టి మాటలను కనుగొని గళ్ళను నింపవలయును. 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన, న్యూయార్కు నగరమందలి 'వరల్డు' అను పత్రికలో, ఇంగ్లండునందలి లివర్‌పూలున జన్మించిన ఆర్థర్ విన్ అనునతడు మొట్టమొదట నిట్టి పటమును వజ్రాకారమున ప్రకటించెను. తెలుగున ఆరుద్రగారి 'గళ్ళ నుడికట్టు', శ్రీశ్రీగారి 'పదబంధ ప్రహేళిక' యను పేరులు పాఠకులకు ప్రియములైనవి. ఇది వట్టి కాలక్షేపమని కొందఱు త్రోసివేయుదురు. ఇది మంచి పాఠము గూడ కాగలదని చూపుటయే మా యుద్దేశము.

ఇంగ్లీషు పటములో గడికొక్క అక్షరము చొప్పున వ్రాయుదురు. 'శ్రీ' యని వ్రాయుటకు వారికి మూడు గళ్ళు కావలయును. మనకొక్క గడి చాలును. గుణింతమును వత్తులును ఆ యొక్క గడిలోనే యిముడును. మూడక్షరములకు తక్కువైన మాటకు వారి పటములలో సాధారణముగ చోటుండదు. మన పటములలోనో రెండు గళ్ళ మాటలు కొల్లలు. మూలలను పూరించుటకు పనికివచ్చు ముక్కలని వానిని మనము తేలికగా చూతుము. కాని యట్టి మాటలలో పెక్కు మన పెబ్బేరు సంతలో వారవారమును వినబడునవే. అవి చేసిన ప్రయాణము మనము చేసిన ప్రయాణములన్నిటికంటె దీర్ఘమైనది.

పెబ్బేరు సంత పశువులకును గొఱ్ఱెలకును పేరుగాంచినది. మొదట 'సంత' యను మాటనే చూతము. ఇది కన్నడమున 'సంతె', తమిళమున 'సందై'. అచ్చట అమ్మకమునకు నిలిచిన జంతువుల పేరులును ఇట్టివే. మన 'ఎద్దు' కన్నడమున 'ఎత్తు', తమిళమున 'ఎరుదు'. మన 'ఆవు' తమిళమున 'ఆ'. మన 'పాలు' తమిళమున 'పాల్', కన్నడమున 'హాలు'. పూర్వకాలపు పకారము కన్నడమున హకారముగా మాఱినది. అందుచేతనే మన పులి వారికి 'హులి'. ఈ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, తమలో తాము తోబుట్టువులనియు 1816లో మద్రాసునందలి ఎల్లిస్ దొర నిరూపించెను. 1856లో కాల్డ్‌వెల్ మిషనరీగారు తమ ద్రావిడ భాషల వ్యాకరణమున ఆ సంగతిని విపులముగ స్థాపించిరి.

'గోవు' మాత్రము వేఱొక కుటుంబమునకు చెందినది. సంస్కృతపు 'గో', ఇంగ్లీషు 'కౌ' ఒక్క మూలమునుండి వచ్చినవి. అట్లే సంస్కృతపు 'పశు' శబ్దమును లాటినునందలి 'పెకుస్' శబ్దమును ఏకమూలములు. ఆ 'పెకుస్' నుండియే లాటినులో ధనమను నర్థముగల 'పెకూనియా' పుట్టినది. ఇంగ్లీషున పశువులను తెలుపు 'కాటిల్', మూలధనమును తెలుపు 'కాపిటల్' అను రెండు మాటలు నొక్క లాటిను మాటకు సంతానము. తమిళమున 'మాడు' అనగా పశువు. సంపద యనియు దానికర్థము. సంతలో జత ఎడ్లనమ్మి బిడ్డ పెండ్లి చేసిన రైతున కీ సంగతి గ్రంథములు చెప్పనక్కఱలేదు.

'ఎడ్ల మెడలపై నుండునది' యని సూచన యిచ్చి రెండు గళ్ళు చూపినచో జవాబు 'కాడి'. సంస్కృతమున దీనికి 'యుగము' అని పేరు. ఇంగ్లీషు 'యోక్', లాటిను 'యుగుమ్' దానికి చుట్టములు. రెండెడ్లను జతగూర్చునది గాన 'యుగము' జంటకును పేరైనది. 'యోగము' అను మాటయు ఆ ధాతువునుండి వచ్చినదే. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయమున ప్రభువు తన కాడి సుళువైనదని చెప్పిన సంగతిని మీరు పలుమాఱులు వినియున్నారు. నేడు ట్రాక్టరులు దున్నుచున్నవి. కాడిని తాకి చూడని పిల్లలు మన తరగతులలో పెక్కుమంది కలరు. కాడి బరువెఱుగనివానికి, అది సుళువైనదని చెప్పుటలోని యాదరణ యెట్లు తెలియును?

నిజాము రాజ్యమున వనపర్తి, గద్వాల సంస్థానములుండిన కాలమున పారసీకమును, పిమ్మట ఉర్దూయును ప్రభుత్వపు కచేరీ భాషలైయుండెను. 'బజారు', 'దుకాణము', 'ఖరీదు' మొదలగు మాటలు పారసీకము మూలముననే మన యిండ్లలో ప్రవేశించినవి. వానిలో మిక్కిలి చిత్రమైనది 'రైతు'. అరబ్బీ భాషలో 'రఇయ్యత్' అనగా కాపరి మేపెడి మంద. అటుపిమ్మట పాలకుని సంరక్షణలోని ప్రజలకు పేరై, తుదకు పొలము దున్నువానికి పేరైనది. హెబ్రీ భాషలో కాపరిని 'రోయె' యందురు. అదియు నీ ధాతువునకు సోదరమే. ఇరువదిమూడవ కీర్తన మొదటి మాటలలో దావీదు పల్కిన కాపరి యితడే. కావున మన సంతలో గొఱ్ఱెకు బేరమాడు రైతు, మాట మూలమును చూడబోయిన తానును మందలోనివాడే!

ధాన్యమును తూచుచుండిన 'మణుగు' మూడు గళ్ళ మాట. ఇదియు, అరబ్బీ 'మన్' అను తూనికయు, పురాతన బాబిలోను దేశపు 'మను' అను తూనికయు, లూకా సువార్త పందొమ్మిదవ అధ్యాయపు ఉపమానమున వచ్చు 'మినా'యు ఒక్క వంశమువని భాషావేత్తలు తలంతురు.

ఇక నాణెముల సంగతి. రూపాయిలో పదునాఱవ పాలు 'అణా'. 1957 ఏప్రిల్ 1వ తేదీన నూఱు పైసల పద్ధతి వచ్చినది, అణా పోయినది. మాట మాత్రము 'పదునాఱణాల తెలుగు' అనుటలో నిలిచియున్నది. అంతియేకాదు, 'భారతదేశపు ప్రాత నాణెము' అను సూచనకు జవాబుగ ఇంగ్లీషు పటములలో నీ మాట నేటికిని తఱచుగ వచ్చుచుండును. మన తాతల మొలసంచులలోని నాణెము న్యూయార్కు గళ్ళలో చెల్లుబడి యగుచున్నది!

ఒకనాడు మేము తరగతిలో 'రూపాయిలో అఱువదినాల్గవ పాలు. రెండక్షరములు' అను సూచన నిచ్చితిమి. ఎవ్వరును చెప్పలేకపోయిరి. మఱునాడొక బాలిక చేయెత్తి, "అయ్యగారూ, మా ముత్తవ్వ చెప్పినది. ఆమె చదువుకొనలేదు, తప్పేమో" అని సంకోచించుచు 'కాణి' యని పల్కినది. నాలుగు కాణులు చేరిన నొక వీసమనియు, వీసమెత్తు అబద్ధమైనను ఆడరాదనియు గూడ ఆ ముసలితల్లి చెప్పి పంపినదట. మేము నిఘంటువు తెఱచి సిద్ధపఱచుకొన్న జవాబు ఓనమాలెఱుగని యామె నాలుకపై నుండెను. జవాబు చెప్పుటకు ముందు ఆ బాలిక పడిన సంకోచమే మాకు మిక్కిలి బాధ కలిగించినది. బడికి వచ్చిన బిడ్డ తన యింటి మాటకు సిగ్గుపడుట మేము నేర్పదలచిన చదువు కాదు.

అమ్మలు కట్టుకొను 'చీర'ను చూడుడు. సంస్కృతమున 'చీరము' అనగా నారబట్ట, లేక గుడ్డపీలిక. 'జరీ' పారసీకమునుండి వచ్చినది. ఆ భాషలో 'జర్' అనగా బంగారము. నూలు చీరకు పట్టు అంచును కొంగును కూర్చు గద్వాల నేతగాండ్ర మగ్గములపై, నారబట్ట యను మాటయు బంగారమను మాటయు నొకచో కలిసికొన్నవి. చిన్నపిల్లల నాడించు 'ఆయా' పోర్చుగీసు భాషనుండి వచ్చినది. తండ్రి యను నర్థముగల 'పాద్రె' ఆ భాషనుండియే వచ్చి మనకు 'పాదిరి' యైనది.

అయినను ఒక హెచ్చరిక చేయవలసియున్నది. నీరు పాఱు వాగును పూర్వులు శకటరేఫముతో 'ఏఱు' అని వ్రాసిరి. తమిళమున అది 'ఆఱు'. ఎడ్లను కట్టిన నాగలిని సాధురేఫముతో 'ఏరు' అనిరి. తమిళమున అది 'ఏర్', మన 'ఏరువాక' అందుండి వచ్చినదే. నేడు రెంటిని నొక్క తీరుననే వ్రాయుచున్నాము. మన యూరి పేరు చివర 'ఏరు' వినబడుచున్నది, కృష్ణానది సమీపముననే యున్నది. కావున 'పెద్ద యేఱు' అనుటచే పెబ్బేరు అయినదని యెవరైన చెప్పినచో చెవికింపుగ నుండును. కాని ప్రాత శాసనములలో ఆ పేరెట్లున్నదో, ఏ రేఫము వ్రాయబడినదో చూడక నిశ్చయింపరాదు. అడ్డపు మాట గళ్ళలో సరిపోయినంతమాత్రమున జవాబు కాదు. నిలువు మాటలతోను పొసగవలయును. పదముల పుట్టుకను వెదకువాని కిదియే ధర్మము. ధ్వని అడ్డపు మాట. చరిత్ర నిలువు మాట.

తలిదండ్రులారా! కాడి, మేడి, పగ్గము, కాణి, వీసము మున్నగు మాటలు మీయొద్ద నున్నంతవఱకే యున్నవి. పిల్లలు అడిగినప్పుడు విసుగక చెప్పుడు. విద్యార్థులారా! మీరు సిగ్గుపడక అడుగుడు. నిఘంటువు మన బడిలో నున్నది. దానికంటె ముందటి నిఘంటువు మీ యింటి యరుగుపై కూర్చుండియున్నది.

అభ్యాసము. ఈ క్రింది సూచనలకు రెండక్షరముల జవాబులు వ్రాయుడు; అవి యీ వ్యాసమునందే కలవు.

1. మందనుండి పొలమునకు వచ్చిన మాట.
2. చీర యంచున మెఱయును; పేరులోనే బంగారము గలదు.
3. నాలుగు చేరిన నొక యణా.
4. జతగూర్చునది, సువార్తలో సుళువైనదని చెప్పబడినది.

తరువాత మీ యింటి పెద్దలనడిగి బండికిని నాగలికిని చెందిన పది భాగముల పేరులను, అవి చేయు పనులను వ్రాసి తెండు. చెప్పినవారి పేరును ప్రక్కన వ్రాయ మఱవకుడు.