పడవ అణియమునకు విద్యుత్ మోటారు: ఎంపికయు బిగింపును

చేపల సాగు చేయు రైతునకు పడవ, పొలము దున్నువానికి నాగలి వంటిది. కొల్లేటి ప్రాంతపు చెఱువులలో గడలకు వ్రేలాడు మేత సంచులను నింపుటకు, వల చుట్టుటకు, చెఱువు నడిమి నీటిని పరీక్షించుటకు పడవ లేనిదే పని సాగదు. గడతోను తెడ్డుతోను నడపు ఇట్టి చిన్న పడవలకు తగిన మోటారులు, బ్యాటరీతో నడచునవి, ఇప్పుడు విక్రయమునకు దొరకుచున్నవి. వీని వెల చిన్నది కాదు. కడ్డీ పొడవు చాలనిచో దానిని పెంచు ఉపాయము లేదు. బలము చాలనిచో గాలి లేచిన దినమున పడవ ఒడ్డు చేరదు. కావున సొమ్ము చెల్లించుటకు ముందే కొలువవలసిన వానిని ఈ పాఠమున వివరింతుము.

ఈ యంత్రమునకు ట్రోలింగు మోటారు అని పేరు. మెల్లగా సాగు పడవ వెనుక గాలమును ఈడ్చుచు చేపలు పట్టుటను ఆంగ్లమున ట్రోలింగు అందురు. 1934వ సంవత్సరమున అమెరికా దేశమున, ఉత్తర డకోటా రాష్ట్రపు ఫార్గో పట్టణములో ఓ. జి. ష్మిట్ అను నాతడు ఇట్టి మోటారును నిర్మించెను. అచ్చటి మంచినీటి సరస్సులలో గాలము వేయువారు చప్పుడు లేకుండ మెల్లగా కదలుటకై దీనిని వాడసాగిరి. వేగముగా పరుగెత్తుట దీని పని కాదు. మనుష్యుడు నడచు వడికి కొంచెము హెచ్చుగా పడవను సాగించుటయు, గాలిలో దానిని నిలిపి యుంచుటయు దీని పని.

అణియమునందే ఏల?

పడవ ముందుకొనను అణియమనియు, వెనుకకొనను అమరమనియు మన పడవవారు చెప్పుదురు. మోటారును రెంటిలో దేనికైనను అమర్పవచ్చును. అమరమునందున్న మోటారు పడవను త్రోయును, అణియమునందున్నది లాగును. ఎద్దును ముక్కుత్రాటితో త్రిప్పుట సులభమా, వెనుకనుండి అదలించి త్రిప్పుట సులభమా? ఇచటను అంతియే. పడవ ముందుభాగము తేలిక యగుటచే గాలి మొదట దానినే ప్రక్కకు నెట్టును. మోటారు అచ్చటనే యున్నచో పడవ ముఖము మన అధీనమున నుండును.

అయినను అన్ని పడవలకును ఇది తగదు. అణియమున చదునైన గట్టి బల్ల యుండవలెను. కొన నిటారుగా లేచిన సన్నని నాటుపడవలకు అట్టి బల్ల యుండదు. వానికి అమరమున మరలతో బిగించు మోటారే మేలు, వెలయు తక్కువ. గుండ్రని పుట్టికి ఈ అణియపు మోటారు పనికిరాదు.

మొదటి కొలత: బరువు

ఈ మోటారుల బలమును అశ్వశక్తిలో గాక, పౌనుల త్రోపు అను లెక్కలో చెప్పుదురు. ప్రతి 100 పౌనుల బరువునకు, అనగా సుమారు 45 కిలోలకు, 2 పౌనుల త్రోపు కనీసము కావలెనని వాడుక సూత్రము. బరువనగా వట్టి పడవ బరువు కాదు. నిండు పడవ బరువు. ఉదాహరణమునకు పడవ 170 కిలోలు, ఇద్దరు మనుష్యులు 130, మేత బస్తాలు 100, బ్యాటరీయు మోటారును 50, వెరసి 450 కిలోలు. దీనిని 45చే భాగింపగా 10. కనీసపు త్రోపు 20 పౌనులు.

ఈ 20 పౌనులు గాలి లేని నిశ్చల జలమునకు మాత్రమే. విశాలమైన చెఱువులో ఎదురుగాలి వీచినపుడు ఇది చాలదు. కావున కనీసమునకు రెట్టింపు, అనగా 40 మొదలు 45 పౌనుల మోటారును ఎన్నుకొనుట క్షేమము. సుమారు 55 పౌనుల వఱకు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి చాలును. అంతకు మించిన వానికి 24 వోల్టులు, అనగా రెండు బ్యాటరీలును, 100 పౌనులు దాటిన వానికి 36 వోల్టులు, అనగా మూడు బ్యాటరీలును కావలెను. మోటారు వెలకు ఈ బ్యాటరీల వెలను కలిపి చూచుకొనుడు.

రెండవ కొలత: కడ్డీ పొడవు

ప్రొపెల్లరు నీటిలో లోతుగా మునిగి యుండవలెను. అల లేచినపుడు అది పైకి తేలినచో గాలిని కొట్టును. చప్పుడే గాని పడవ కదలదు. మోటారు కూర్చుండు బల్ల పైభాగమునుండి నీటి మట్టము వఱకు కొలిచి, దానికి 20 అంగుళములు చేర్పుడు. అలలు లేచు నీరైనచో మఱి 5 అంగుళములు చేర్పుడు. బల్ల ఎత్తు 15 అంగుళములైనచో 40 అంగుళములకు తక్కువ కాని కడ్డీ కావలెను.

ఈ కొలతను సరకు లేని పడవలో తీయవలెను. ఏలయన అపుడే అణియము మిక్కిలి ఎత్తుగా నుండును. పొడవైన కడ్డీని లోతు తక్కువచోట పైకి జరిపి బిగింపవచ్చును. పొట్టి కడ్డీని పొడిగింపలేము. సందేహము కలిగినపుడు పొడవైన దానినే తీసికొనుడు.

మూడవ కొలత: బ్యాటరీ

ట్రాక్టరు బ్యాటరీ క్షణకాలము మిక్కుటమైన విద్యుత్తు నిచ్చి యంత్రమును లేపుటకు చేయబడినది. దానిని గంటలకొలది పిండినచో త్వరలో చెడును. లోతుగా ఖాళీయగుటకు ఓర్చుకొను డీప్ సైకిల్ బ్యాటరీ కావలెను. ఇండ్లలో ఇన్వర్టరునకు వాడు ట్యూబులర్ బ్యాటరీ ఈ జాతిదే; అయితే అది మిక్కిలి బరువైనది, పడవ ఒరిగినపుడు ఆమ్లము చిందును. లిథియము బ్యాటరీ తేలిక, ఎక్కువ భాగము వాడుకొనవచ్చును. వెల మాత్రము హెచ్చు.

45 పౌనుల మోటారు పూర్తి వడిలో సుమారు 42 ఆంపియరులు త్రాగును. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగమే వాడదగినది. అనగా పూర్తి వడిలో ఒక గంట పని. వడి తగ్గించిన కొలది కాలము ఎన్నో రెట్లు పెరుగును. వడిని మెట్లు లేక సన్నగా మార్చు నియంత్రణ గల మోటారు ఈ విషయమున పొదుపరి.

బిగించు విధము

రంధ్రము చేయుటకు ముందు మోటారును బల్లపై ఉంచి, నీటిలోనికి దింపి, పైకెత్తి, ఇరుప్రక్కలకు త్రిప్పి చూడుడు. అది పడవ ప్రక్కలను తాకరాదు. పడవ నడిమి రేఖకు వీలైనంత చేరువలో దానిని నిలుపుడు.

బల్ల అడుగున తీగలుగాని గాలి పెట్టెగాని లేదని చూచిన పిమ్మట రంధ్రములు చేయుడు. పైనుండి బిగించు స్క్రూలు చాలవు, అదటునకు ఊడివచ్చును. తుప్పుపట్టని ఉక్కు బోల్టులను బల్లగుండ దింపి, అడుగున దళసరి పలకను గాని అల్యూమినియము రేకును గాని ఆనించి, వదులు కాని నైలాన్ నట్టులతో బిగింపుడు. నడుమ రబ్బరు వాషరులు వేయుడు. రంధ్రముల అంచులకు నీరు చొరని లప్పము పూయనిచో లోపలి కొయ్య చివికిపోవును. మోటారును ఒక గట్టి త్రాటితో పడవకు కట్టి యుంచుడు. బోల్టులు విఱిగినను అది నీట మునుగదు.

అణియమున మోటారును మనిషియు నుందురు గనుక, తూకము నిలుచుటకై బ్యాటరీని వెనుకప్రక్క మూత గల పెట్టెలో కదలకుండ కట్టవలెను. అపుడు తీగ పొడవు పెరుగును. సన్నని తీగ వేడెక్కి బలమును మ్రింగును. ఇట్టి మోటారునకు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుడు. ఎఱ్ఱ తీగపై, బ్యాటరీకి చేరువలో, 50 ఆంపియరుల బ్రేకరు తప్పక యుండవలెను. గుర్రపుడెక్క చుట్టుకొని ప్రొపెల్లరు నిలిచిపోయినపుడు తీగలు కాలకుండ కాపాడునది అదియే.

వాడుకలో జాగ్రత్తలు

ప్రొపెల్లరును చేతితో ముట్టుటకు ముందు బ్యాటరీ తీగను ఊడదీయుడు. నట్టు విప్పి, ఱెక్కల వెనుక చిక్కిన వల దారమును తఱచు తీసివేయుడు. ఆ దారము లోని సీలును కోసినచో నీరు మోటారులో చొచ్చును. ఉప్పునీటి రొయ్యల చెఱువులలో మంచినీటి మోటారు త్వరలో చివుకును. ఉప్పునీటికై చేసిన దానినే కొని, దాని జింకు ముక్కను అరిగినపుడెల్ల మార్చుడు. సీసపు బ్యాటరీ విద్యుత్తు ఎక్కునపుడు అంటుకొను వాయువు పుట్టును గనుక గాలి తగులుచోట ఉంచి, దరిదాపుల బీడీ, చుట్ట వెలిగింపకుడు. ఈత వచ్చినవాడైనను తేలుడు చొక్కా లేనిదే పడవ ఎక్కరాదు. తెడ్డును ఒడ్డున వదలి పోరాదు.

కొనగోరు సభ్యుడు నిండు పడవ బరువు, బల్ల ఎత్తు, దినమునకు నడపు గంటలు, నీటి స్వభావము, ఈ నాలుగింటిని కాగితముపై వ్రాసికొని అంగడికి పోవలెను. ఇరుగుపొరుగు సభ్యులు ఒకే చెఱువు గట్టున పనిచేయుచున్నచో, వారి పడవల కొలతలు సరిపోయినచో, ఒక మోటారును వంతులవారీగా వాడుకొనుట ఖర్చును పంచుకొను మార్గము. అపుడు ప్రతి పడవకును బిగింపు పలకను వేఱుగా అమర్చుకొని, ఊడదీయు జాతి మోటారును కొనవలెను. బ్యాటరీని నింపు బాధ్యత ఎవరిదో ముందే వ్రాసికొనవలెను.